రిజిస్టరులో వేలిముద్ర: ఓటు మానేసిన ఒక మెట్ట ప్రాంత మహిళ కేసు

ఈ కేసు 2024 మార్చి నుంచి ఆగస్టు దాకా నడిచింది. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. ఓటరు అవగాహన పని చేసే వాళ్లు నాలాగే పొరబడే అవకాశం ఉంది కాబట్టి, ఏ దశలో ఏమనుకుని ఏం చేశానో దాచకుండా చెబుతాను.

నేపథ్యం

నెల్లూరు జిల్లా అనగానే బయటివాళ్లకు పెన్నా డెల్టా, వరి పొలాలు, రొయ్యల చెరువులు గుర్తొస్తాయి. ఈ కేసు జరిగింది పడమటి మెట్టలో. వానను నమ్ముకున్న సేద్యం: పొగాకు, కంది, మినుము, కాస్త నీళ్లున్న చోట నిమ్మ. బోరు నీళ్లలో ఎముకలను, కీళ్లను దెబ్బతీసే ఫ్లోరైడ్. తాగడానికి క్యాన్లు కొనుక్కుంటారు.

ఆమెను రమణమ్మ అంటాను. అరవై దాటాయి. నాకు ఆమెతో పరిచయం ఈనాటిది కాదు. 1990ల మొదట్లో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు నేను వాలంటీరుగా ఆ ఊళ్లో రాత్రి బడి చెప్పాను. పగలంతా కూలికి పోయి వచ్చి, లాంతరు ముందు కూర్చుని, తన పేరు రాయడం నేర్చుకున్న వాళ్లలో ఆమె ఒకరు. పొట్టలో చుక్క పెట్టకుండా ‘ర’ రాయడం ఆమెకు చాలా రోజులు పట్టింది. తర్వాత నేను టీచరునై, సోషల్ స్టడీస్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు కొందరం కలిసి పొదుపు సంఘాల్లో ఓటరు అవగాహన పని చేస్తున్నాం. ఆమె మాత్రం నన్ను ఇప్పటికీ టీచరమ్మా అనే పిలుస్తుంది, నేను అక్కా అంటాను.

1992లో దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారన్న కబురు చుట్టుపక్కల పల్లెలకు పాకింది. రమణమ్మ వాళ్ల ఊళ్లోనూ ఆడవాళ్లు చీపుర్లు, కారంపొడి పట్టుకుని దారికి అడ్డం కూర్చున్నారు. ప్యాకెట్ సారా జీపు ఊళ్లోకి రాకుండా రాత్రిళ్లు కాపలా కాశారు. నెల్లూరులో సారా వేలంపాటలు అడ్డుకోవడానికి బస్సెక్కి పోయిన వాళ్లలో ఆమె కూడా ఉంది. 1993 ఏప్రిల్‌లో ముందు నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1994 చివర్లో జరిగిన ఎన్నికల్లో ఎన్.టి. రామారావు సంపూర్ణ మద్యనిషేధం తెస్తామని హామీ ఇచ్చి గెలిచారు, ప్రమాణ స్వీకారం రోజునే ఆ ఫైలు మీద సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి అమలైంది. 1997లో ఎత్తేశారు.

ఈ చరిత్ర ఇంత వివరంగా ఎందుకంటే, మొదట్లో నేను కేసు మొత్తాన్ని దీంతోనే అర్థం చేసుకున్నాను. అదే నా తప్పు.

సమస్య ఎలా బయటపడింది

2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. మన రాష్ట్రంలో అసెంబ్లీకి, లోక్‌సభకు కలిపి మే 13న పోలింగ్. నెలాఖరులో పొదుపు సంఘం మీటింగులో రమణమ్మ లేచి, ‘ఈసారి నేను ఓటెయ్యను, ఎవరూ నన్ను అడగొద్దు’ అంది. ఆ సంఘంలో పద్నాలుగు మంది. మిగతా పదమూడు మందిలో చాలామంది ఆమె మాట మీద నడిచేవాళ్లే. ‘పెద్దమ్మ ఎయ్యకపోతే మాకెందుకు’ అన్నారు. సంఘం లీడరుకు టెన్షన్ పట్టుకుని నాకు ఫోన్ చేసింది.

నేను వెళ్లేసరికి రమణమ్మ గేదెకు గడ్డి వేస్తోంది. ఎందుకక్కా అని అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ‘ఓటేసి నిషేధం తెచ్చుకున్నాం. ఆయన సంతకం రెండేళ్లే నిలబడింది. నీళ్లిస్తామన్నారు, ముప్పై ఏళ్లయింది, నా మోకాళ్లు చూడు. ఎలక్షన్ ముందురోజు రాత్రి కవరు పట్టుకొస్తారు, తీసుకుంటే ఒట్టు వెయ్యమంటారు. ఎవరికేసింది మాకు తెలిసిపోతాదిలే అంటారు. ఈ మొత్తంలో నమ్మడానికి ఏముండాది టీచరమ్మా?’

వీటిలో ఏదీ నిర్లక్ష్యం కాదు. రాజకీయాలు పట్టని మనిషి కాదు ఆమె. మన శిక్షణలో ఓటు వేయని వాళ్లందరినీ ‘అవగాహన లేనివాళ్లు’ అనే ఒక్క గంపలో వేస్తాం. ఆమెకున్న అవగాహన నాకంటే ఎక్కువ. ఆ రోజే ఆ మాట గుర్తుపెట్టుకుని ఉంటే నెల రోజులు వృథా అయ్యేవి కావు.

మొదట ఏం చేశాను, ఎందుకు పనిచేయలేదు

నేను మొదట ఎత్తుకున్నది మామూలు దారే: ఓటు విలువ చెప్పడం, ఒక్క ఓటుతో ఫలితం మారుతుందని చూపించడం. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సి.పి. జోషి ఒక్క ఓటుతో ఓడిపోయారు. 2004లో కర్ణాటకలోని సంతెమరహళ్లిలోనూ తేడా ఒక్క ఓటే. మన దగ్గర 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ తొమ్మిది ఓట్లతో గెలిచారు. ఇవన్నీ నిజాలే, క్లాసులో పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. రమణమ్మ అంతా విని, ‘ఆ తొమ్మిది ఓట్లు అటు పడుంటే ఆ ఊళ్లో బోరు నీళ్లు తియ్యగా అయ్యేవా?’ అని అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను. తన ఓటు లెక్కలోకి రాదని కాదు ఆమె అంటున్నది. ఎవరు గెలిచినా తన బతుకు లెక్కలోకి రావడం లేదని. రెండూ వేరు వేరు అనుమానాలు. మొదటిదానికి తయారుచేసుకున్న జవాబును రెండోదానికి అతికించబోయాను.

తర్వాత నోటా గురించి చెప్పాను. 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాతే ఆ బటన్ వచ్చిందని, ఎవరూ నచ్చలేదని రహస్యంగా చెప్పే వీలు అంతకు ముందు లేదని, నియమం 49-ఓ కింద ఓటు వద్దని రిజిస్టరులో అందరి ముందూ రాయించుకోవాల్సి వచ్చేదని వివరించాను. నమ్మకం లేని మనిషికి ఇది సరైన దారి అని నిజంగానే అనుకున్నాను. ‘నోటాకే ఎక్కువ పడితే ఏం జరగతాది?’ అంది. ఏమీ జరగదు, నోటా తర్వాత ఎక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థే గెలుస్తాడు. అదే చెప్పాను. ఆమె తల ఊపి, గిన్నెలు కడగడానికి లేచింది.

నోటా వల్ల ఫలితం మారవచ్చన్నట్టు అస్పష్టంగా చెప్పి బయటపడే వీలు నాకుంది. చాలా ప్రచార పత్రాల్లో అలాగే ఉంటుంది కూడా. కానీ వ్యవస్థ మాట తప్పిందని బాధపడే మనిషికి ఇంకో సగం నిజం చెప్పడం ఆ గాయం మీద ఇంకో దెబ్బ. ఆ నిర్ణయం గురించి నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

మూడోది మరీ పొరపాటు పని. ఆమె మనవరాలు నెల్లూరులో నర్సింగ్ చదువుతోంది, పద్దెనిమిది నిండాయి. ఆ పిల్లతో చెప్పిస్తే వింటుందనుకున్నాను. ఆ పిల్ల అసలు ఓటరుగా పేరు నమోదు చేసుకునే ఫారం 6 కూడా పెట్టలేదు. నామినేషన్ల గడువుకు పది రోజుల ముందు వరకే దరఖాస్తు చేసుకోవచ్చని చెప్పి, ముందు తననే తొందరపెట్టాను. ‘మా అవ్వే వద్దంటుంటే నాకు ఎందుకు టీచర్’ అంది. గడువు దాటిపోయింది. పైగా నేను ఇంట్లో వాళ్లతో ఒత్తిడి తెస్తున్నానని రమణమ్మకు తెలిసి నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. డబ్బులు పంచేవాళ్లు చేసేది కూడా ఇదే కదా: కొడుకును పట్టుకుని తల్లి ఓటు అడగడం.

అసలు సంగతి

ఏప్రిల్ మూడో వారంలో క్షమాపణ చెప్పడానికే వెళ్లాను. ఓటు మాట ఎత్తకూడదని అనుకునే వెళ్లాను. పాత రాత్రిబడి కబుర్లు వచ్చాయి. మాటల్లో ఒకటే అడిగాను: ‘అక్కా, చివరిసారి నువ్వు ఓటేసింది ఎప్పుడు?’

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. 2014లో వేయలేదు. 2019లో వేయలేదు. ఇంట్లో వాళ్లకు వేసొచ్చానని చెప్పింది, వేలు చూపించమని ఎవరూ అడగలేదు. అంతకుముందు 2009లో, పొగాకు పని ముగించుకుని మధ్యాహ్నం పోలింగ్ స్టేషనుకు పోయింది. లోపల కూర్చున్నతను లిస్టు చూసి, ‘నీ ఓటు పడిపోయింది, పో’ అన్నాడు. లేదు, ఇప్పుడే వస్తున్నా అంది. అతను రిజిస్టరు తిప్పి చూపించాడు. ఆమె నంబరు ఎదురుగా వేలిముద్ర ఉంది.

‘నేను సంతకం పెడతానని ఊరంతా తెలుసు టీచరమ్మా. నా పేరు ముందర ఎవరిదో ఏలిముద్ర. నేనే రెండోసారి దొంగ ఓటుకొచ్చినట్టు అందరూ నన్నే చూశారు. మాట్లాడకుండా వచ్చేశా.’

పదిహేనేళ్లు ఈ మాట ఎవరికీ చెప్పలేదు. నిషేధం, నీళ్లు, డబ్బు ఇవన్నీ ఆమెకు నిజమైన కోపాలే, సాకులు కావు. కానీ వాటి మీద కోపం ఉండి కూడా 1999లో, 2004లో ఆమె ఓటు వేసింది. మానేసింది ఆ వేలిముద్ర చూశాకే. రాజకీయ నాయకుల మీద నమ్మకం పోవడం వేరు, ఓటు వేసే గది మీద నమ్మకం పోవడం వేరు. మొదటిదాన్ని బాగుచేయడం నా చేతిలో లేదు, అది నా పని కూడా కాదు. రెండోదాని గురించి మాత్రం నేను చెప్పగలిగింది చాలా ఉంది. నెల రోజులుగా నేను తప్పు తలుపు తడుతున్నాను.

ఏది పనిచేసింది

ఆ రోజు ఆమెకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మన పేరు మీద వేరే ఎవరో ఓటు వేసేస్తే, మనం ఎవరమో రుజువు చేసుకుని టెండర్ ఓటు అడగవచ్చు. ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49-పి కింద పోలింగ్ స్టేషను బాధ్యత చూసే ప్రిసైడింగ్ ఆఫీసర్ కాగితం బ్యాలెట్ ఇవ్వాలి. ఫారం 17-బి అనే జాబితాలో మన పేరు రాసి సంతకం తీసుకోవాలి. ఆ బ్యాలెట్‌ను విడిగా కవరులో పెడతారు.

ఇక్కడ మళ్లీ ఒక మలుపు. మామూలు కౌంటింగులో ఆ బ్యాలెట్‌ను లెక్కపెట్టరు. కోర్టులో ఎన్నికను సవాలు చేసినప్పుడే దాని అవసరం వస్తుంది. నోటా దగ్గర జరిగిందే మళ్లీ జరుగుతుందేమోనని భయపడుతూనే అది కూడా చెప్పాను. ఆమె జవాబు నేను ఊహించనిది: ‘లెక్కపెట్టకపోతే పోనీ. ఆ కాయితంలో నా సంతకం ఉంటాది గదా. నేనొచ్చానని ఉంటాది.’

అప్పుడు నాకు దారి దొరికింది. ఓటు ఎందుకు వేయాలో చెప్పడం పూర్తిగా ఆపేశాను. పోలింగ్ గదిలో ఏం జరుగుతుందో, ఎక్కడ మోసం జరగవచ్చో, జరిగితే ఏ మాట అనాలో, అది మాత్రమే చెప్పడం మొదలుపెట్టాను. సంఘం మీటింగులో నోటు పుస్తకం మీద గీతలు గీసి, ఓటుకొచ్చిన వాళ్ల సంతకాలు తీసుకునే ఫారం 17-ఎ రిజిస్టరు లాంటిది తయారుచేశాం. ఒకరు ప్రిసైడింగ్ ఆఫీసర్, ఒకరు అభ్యర్థి తరఫున కూర్చునే ఏజెంటు, మిగతావాళ్లు వరసలో నిలబడ్డారు. ‘నీ ఓటు పడిపోయింది’ అంటే ఏమనాలో రమణమ్మే అందరికీ నేర్పింది: ‘నేను వెయ్యలేదు సార్. నా కార్డు ఇదిగో. నాకు టెండర్ ఓటు ఇవ్వండి.’ మొదటిసారి ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతు వణికింది. నాలుగోసారికి గట్టిగా వచ్చింది.

‘ఎవరికేసింది తెలిసిపోతాది’ అన్న బెదిరింపు మీద ఎక్కువ సమయం పెట్టాం, ఎందుకంటే ఆ భయంలో కొంత నిజం ఉంది. ఓటు ఎవరికి పడిందో చూపించే వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడుతుంది, దాని మీద ఓటరు పేరు ఉండదు. మెషీన్‌లో కూడా ఎవరు ఏ బటన్ నొక్కారో ఉండదు. కానీ ఫలితాలు బూత్‌ల వారీగా బయటికి వస్తాయి, కాబట్టి ఒక బూత్ మొత్తంగా ఎటు మొగ్గిందో ఊళ్లో నాయకులకు తెలుస్తుంది. కొన్ని బూత్‌ల ఓట్లను కలిపి లెక్కపెట్టే టోటలైజర్ అనే యంత్రం వాడదామని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది, అది ఇప్పటికీ అమలు కాలేదు. ఏజెంట్లు తమ జాబితాలో ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో కూడా గుర్తు పెట్టుకుంటారు. అంటే నువ్వు ఎవరికి వేశావో తెలియదు గానీ, వచ్చావో రాలేదో తెలుస్తుంది.

ఇది చెప్పినప్పుడు సంఘంలో చిన్న వయసు ఆమె ఒకరు అన్నారు: ‘అయితే మన వీధి ఓటుకు రాదని తెలిస్తే, మన వీధికి వాళ్లు రానవసరం లేదని కూడా తెలుస్తాది.’ నేను ఇన్నేళ్లలో ఏ ప్రచార పత్రంలోనూ ఇంత సూటిగా చూడలేదు. నమ్మకం లేనప్పుడు ఓటు దేనికి అన్న ప్రశ్నకు నా జవాబు ఇదే దారిలో ఉంటుంది. ఓటు నమ్మకానికి గుర్తు అనుకుంటే, నమ్మకం పోయినప్పుడు మానేయడమే నిజాయితీ. కానీ మనం నమ్మని నాయకుల మీద నిఘా పెట్టడానికే ఓటు అనుకుంటే, నమ్మకం తగ్గినకొద్దీ దాని అవసరం పెరుగుతుంది. రమణమ్మ పొలానికి కాపలా ఎందుకు పడుకుంటుంది? అడవి పందుల మీద నమ్మకం ఉండి కాదు.

ఒక సాయంత్రం నేనూ ఆమే కూర్చుని సారా ఉద్యమం తేదీలు ఒక కాగితం మీద వరసగా రాశాం. ఆ కాగితాన్ని ఆమె చాలాసేపు చూసింది. సారా నిషేధం 1993లో వచ్చింది, ఎన్నికలు 1994లో. అంటే సారా ఆగింది ఓటుతో కాదు, వాళ్లు రోడ్డు మీద కూర్చోవడం వల్ల. సంపూర్ణ నిషేధం ఓటుతో వచ్చింది. అది ఎత్తేసిన 1997లో ఏం చేశారని అడిగాను. ‘ఏం చేస్తాం, ఓటేసేశాం గదా అని ఇళ్లల్లో ఉన్నాం. నాకు చిన్నోడు పుట్టిన సంవత్సరం అది’ అంది. ఆ మాటలో ఆమె మీద ఆమెకే కోపం వినిపించింది. ఆ భారం వాళ్లది కాదని చెప్పాను. అప్పటి ప్రభుత్వం తీసుకున్న నిర్ణయానికి మెట్టపల్లెల కూలి ఆడవాళ్లు బాధ్యులు కారు. అయినా ఆ కాగితం వల్ల, ఓటుతో ఏ పని అవుతుంది, ఏ పని కాదు అన్నది నేను చెప్పనవసరం లేకుండా ఆమెకే కనిపించింది.

కవర్ల గురించి చివర్లో కొద్దిగానే మాట్లాడాం. ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే అని చెప్పాను. ఒట్టు వేయించుకోవడం గురించి వాళ్లే తేల్చుకున్నారు. ఏం తేల్చుకున్నారో నేను అడగలేదు. ఎవరికి వేయాలన్న మాట ఈ ఆరు నెలల్లో ఒక్కసారి కూడా నా నోటి నుంచి రాలేదు, వాళ్లనూ నా ముందు అననివ్వలేదు. ఈ పనిలో అది ఒక్కసారి జారితే మిగతాదంతా పోతుంది.

మే 13

ఆ రోజు రాష్ట్రంలో చాలా చోట్ల రాత్రి దాకా వరసలు సాగాయి, పోలింగ్ 80 శాతం దాటింది. రమణమ్మ ఏడు గంటలకు ముందే వెళ్లి వరసలో మొదట నిలబడింది. తన పేరు మీద ఎవరూ ముందు వేయకుండా ఉండాలంటే తనే ముందు ఉండాలని ఆమె లెక్క. లోపల ఏం జరిగిందో తర్వాత ఆమే చెప్పింది. రిజిస్టరు దగ్గర కూర్చున్నామె, పెద్దావిడ కదా అని స్టాంపు ప్యాడ్ ముందుకు జరిపిందట. ‘పెన్నియ్యమ్మా’ అందట. పేరు మొత్తం రాసిందట, పొడి అక్షరాలు కాదు. వెనక ఉన్నవాళ్లు తొందరపెట్టినా ఆగి రాసిందట. ఏ బటన్ నొక్కిందో నాకు తెలియదు, నోటా కూడా కావచ్చు.

సంఘంలో మిగతా పదమూడు మందిలో తొమ్మిది మంది వేశారు. ఇద్దరు పనుల మీద చెన్నైలో ఉండిపోయారు. మిగతా ఇద్దరు మాత్రం ఆలోచించుకునే రాలేదు. అన్నీ విన్నాం, అయినా మాకు వద్దు అన్నారు. వాళ్ల ఇళ్లకు నేను మళ్లీ వెళ్లలేదు. మనవరాలు ఫారం 6 తర్వాత పెడతానంది, ఇంకా పెట్టలేదు.

నేను ఇప్పుడు వేరుగా చేసేవి

ఎవరైనా ఓటు వేయనంటే, ఎందుకు అని ముందు అడగను. ఎందుకు అని అడిగితే మనుషులు వాదన చెబుతారు. ‘చివరిసారి వెళ్లినప్పుడు ఏం జరిగింది’ అని అడిగితే జరిగింది చెబుతారు. రమణమ్మ విషయంలో ఈ ఒక్క ప్రశ్న మార్చి నెలలో అడిగి ఉంటే, మనవరాలి గడువు కూడా దాటిపోయేది కాదేమో.

ఇంకొకటి, నాకు ఇప్పటికీ మింగుడుపడనిది. రాత్రి బడిలో మేం సంతకం నేర్పాం. ఆ సంతకాన్ని ఎవరైనా తొక్కేస్తే ఎవరిని అడగాలో నేర్పలేదు. 2009లో నేను అదే మండలంలో టీచరును. టెండర్ ఓటు గురించి నాకు ట్రైనింగులో చెప్పారు, నేను అది ఎన్నికల సిబ్బందికి సంబంధించిన సంగతి అనుకున్నాను. ఓటరుకు చెప్పాలని తోచలేదు. ఇప్పుడు ప్రతి మీటింగులో మొదటి పావుగంట దానికే ఇస్తున్నాను.

ఆగస్టులో

2024 ఆగస్టు 23న రాష్ట్రమంతటా ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. రమణమ్మ, సంఘంలో ఇంకో ఆరుగురు కలిసి బోరు నీళ్ల పరీక్ష కోసం అర్జీ తీసుకెళ్లారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడ్ ఉంటే తాగకూడదన్న ప్రమాణం ఉందని, తమ బోర్లలో ఎంతుందో రాతపూర్వకంగా చెప్పాలని అందులో ఉంది. ఓటు వేయని ఆ ఇద్దరిలో ఒకరు కూడా సంతకం పెట్టారు. మొదటి సంతకం రమణమ్మది.

సెక్రటరీ అర్జీ తీసుకుని చూస్తాం లెమ్మన్నారట. ఆమె కదల్లేదు. చేతిసంచిలోంచి రెండో కాపీ తీసి బల్ల మీద పెట్టి, ముట్టినట్టు తేదీ వేసి సంతకం చెయ్యమంది. ఆయన చేశారు. శాంపిల్ తీసుకెళ్లారు, రిపోర్టు ఇంకా రాలేదు. ఆ కాపీ ఓటరు కార్డుతో పాటు ఆమె ట్రంకు పెట్టెలో ఉంది.